ఉప్పు నీళ్లు, మూడు బస్తాల రెసిన్: మా కార్ వాష్ సాఫ్ట్‌నర్ డైరీ

జనవరి 4, ఆదివారం

మధ్యాహ్నం రెండు గంటలకు ఒక నల్ల క్రెటా తిరిగొచ్చింది. పొద్దున మా దగ్గరే కడిగించుకుని వెళ్లిన బండి. బానెట్ మీద, అద్దాల మీద సున్నం చల్లినట్టు తెల్ల చుక్కలు. ఆయన గట్టిగా ఏమీ అనలేదు. "కడగక ముందే బాగుంది కదండీ" అన్నాడు, అంతే. ఆ మాట రాత్రి దాకా నన్ను వదల్లేదు.

మాది కదిరి. బెంగళూరులో హూడి నుంచి కాడుగోడి వెళ్లే దారిలో రెండు ర్యాంపులు, బైకులకు ఒక చిన్న జాగా పెట్టుకుని వాటర్ వాష్ నడుపుతున్నాం. నీళ్లు బోరువి. కావేరి నీళ్లతో బండి కడిగే ఆలోచనే లేదు. 2024 మార్చిలో, ఊరంతా నీళ్లకు అల్లాడుతున్నప్పుడు, తాగునీటితో వాహనాలు కడగడాన్ని జలమండలి నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఉత్తర్వు ఇచ్చింది. నాకు అది సరైన పనే అనిపించింది. వంద కిలోమీటర్ల అవతల నుంచి, అంత ఎత్తుకి పంపులతో తోసుకొచ్చే నీళ్లను టైర్ల మీద పోయకూడదు. కాబట్టి ఉన్న బోరు నీళ్లనే బాగుచేసుకోవాలి. దానికి సాఫ్ట్‌నర్ కావాలి, అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంని తీసేసి మెత్తబరిచే యంత్రం.

మా కుర్రాళ్లు చేసేదాంట్లో తప్పేం లేదు. ఎండలో బండి ఆరేలోపు తుడవలేకపోతే చుక్క పడుతుంది. ఆదివారం 38 బండ్లు వస్తే ప్రతిదాన్నీ ఆ వేగంతో తుడవడం మనిషి వల్ల కాదు.

జనవరి 10, శనివారం

హార్డ్‌నెస్ కిట్ కొన్నాను. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంత కరిగి ఉన్నాయో చెప్పే కొలతే హార్డ్‌నెస్. చిన్న గాజు సీసా, మూడు మందులు. నమూనా నీళ్లలో బఫర్ వేసి, ఇండికేటర్ వేస్తే ద్రాక్ష రంగు ఎరుపు వస్తుంది. తర్వాత మూడో సీసాలోని ద్రావణాన్ని చుక్క చుక్కగా వేస్తూ కలపాలి. ఎరుపు పూర్తిగా నీలంగా మారిన చుక్క దగ్గర ఆపాలి. మా కిట్‌లో చుక్కకి 20 పీపీఎం (లీటరుకి 20 మిల్లీగ్రాములు) లెక్క.

బోరు నీళ్లకు 32 చుక్కలు పట్టాయి. 640.

కిట్‌ని నమ్మలేక అదే రోజు ల్యాబ్‌కి రెండు లీటర్ల సీసా పంపాను. ఇంట్లో కావేరి కుళాయి నీళ్లు కూడా చూశాను: 7 చుక్కలు, అంటే 140. ఒకే ఊళ్లో, ఒకే రోజు, ఇంత తేడా. తాగునీటికి బీఐఎస్ పెట్టిన ప్రమాణంలో (ఐఎస్ 10500:2012) హార్డ్‌నెస్ 200 దాకా ఉంటే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మాది ఆ రెండో గీత కూడా దాటింది.

ఇక్కడి నేల అంతా గట్టి రాయి. వెయ్యి అడుగుల పైన లోతులో, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లను పైకి లాగుతున్నాం. అన్నేళ్లు రాయిని అంటుకుని ఉన్న నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. నీరు ఆరినప్పుడు బైకార్బనేట్‌గా ఉన్న కాల్షియం కార్బనేట్‌గా మారి పెయింటుకి అతుక్కుంటుంది. అది సున్నపురాయే. చెమ్మగుడ్డతో రాదు.

జనవరి 17, శనివారం

సంక్రాంతికి కుర్రాళ్లంతా ఊళ్లకి వెళ్లారు. మదనపల్లె బస్సులు ఖాళీ లేవని ఒకడు ఆలస్యంగా బయలుదేరాడు. ఈ నాలుగు రోజులూ షెడ్డు మూసి, సాఫ్ట్‌నర్ కోసం షాపులు తిరిగాను.

మూడు చోట్లకి వెళ్లాను. మూడు చోట్లా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని ఎల్‌పీహెచ్ కావాలి సార్?" అంటే గంటకి ఎన్ని లీటర్లు అని. నీళ్ల హార్డ్‌నెస్ ఎంత అని ఒక్కరూ అడగలేదు. ఒకచోట వెయ్యి ఎల్‌పీహెచ్ ప్లాంటు చూపించి, "కార్ వాష్‌లన్నిటికీ ఇదే ఇస్తాం, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నారు. లోపల రెసిన్ (కాల్షియంని పట్టుకునే గింజలు) ఎంత ఉందని అడిగితే లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి 25 లీటర్లు అన్నారు. ఇంకోచోట అదే వెయ్యి ఎల్‌పీహెచ్ పేరుతో ఉన్న దాంట్లో 50 లీటర్లు. ఒకటే పేరు, సగానికి సగం తేడా.

ఈ ఎల్‌పీహెచ్ అనేది ఆ యంత్రం గుండా గంటకి ఎన్ని నీళ్లు పోగలవో చెబుతుంది. ఎన్ని నీళ్లయ్యాక అది పని మానేస్తుందో చెప్పదు. మనకి కావలసింది రెండోది. దాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లు ఓబీఆర్ అంటారు: ఒక రీజెనరేషన్‌కి (నిండిపోయిన రెసిన్‌ని ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ పనికొచ్చేలా చేయడం), తర్వాతి రీజెనరేషన్‌కి మధ్య వచ్చే మెత్తని నీళ్లు. అది లీటర్లలో ఉంటుంది, మన నీటి హార్డ్‌నెస్‌ని బట్టి మారుతుంది. కావేరి నీళ్లకు సరిపోయే ప్లాంటు మా బోరుకి పావు వంతు కూడా పనిచేయదు.

నాలుగో షాపులో పైపు చుట్టూ కట్టే అయస్కాంతం లాంటి పరికరం చూపించారు. ఉప్పు అక్కర్లేదు, రెసిన్ అక్కర్లేదు అన్నారు. వాళ్ల షాపులో అది బిగించిన కుళాయి నుంచే నీళ్లు పట్టి, వాళ్ల ముందే కిట్‌తో చూశాను. బిగించక ముందు ఎన్ని చుక్కలో తర్వాతా అన్నే. కాల్షియం నీళ్లలోనే ఉంటే, ఆరాక బండి మీదే ఉంటుంది. దాన్ని అక్కడితో వదిలేశాను.

జనవరి 19, సోమవారం

ల్యాబ్ రిపోర్టు: మొత్తం హార్డ్‌నెస్ 640, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న మొత్తం లవణాలు) 1180, ఐరన్ 0.2. ఐరన్ సంగతి ముఖ్యం. 0.3 దాటితే రెసిన్ గింజల మీద తుప్పు పేరుకుని వాటి శక్తి తగ్గుతుంది. అప్పుడు ముందు ఐరన్ ఫిల్టర్ పెట్టుకోవాలి. మాకు ఆ బాధ తప్పింది. బోరులో సన్న ఇసుక వస్తుంది కాబట్టి ముందు ఒక సాండ్ ఫిల్టర్ చాలు.

జనవరి 27, మంగళవారం

ఈ పది రోజులూ చేసిన పనే ఈ మొత్తం ప్రాజెక్టులో విలువైనదని నా నమ్మకం. ఇళ్లకు పెట్టే మామూలు వాటర్ మీటరు ఒకటి తెచ్చి ప్రెషర్ పంపులకి వెళ్లే లైనుకి బిగించాను. గోడకి ఒక అట్ట తగిలించి పెన్ను కట్టాను. బండి ఎక్కగానే ఒక రీడింగు, కింద బురద కొట్టడం అయ్యాక ఒకటి, బండి దిగాక ఒకటి. కుర్రాళ్లు మొదటి రెండు రోజులు విసుక్కున్నా తర్వాత వాళ్లలో వాళ్లే పోటీ పెట్టుకున్నారు, ఎవరు తక్కువ నీళ్లతో కడుగుతారో అని.

సగటు బండికి 170 లీటర్లు. అందులో 85 లీటర్లు అండర్‌బాడీకి, టైర్లకి, మొదటి బురద కొట్టడానికి. మిగతా 85 ఫోమ్‌కి, ఫోమ్ కడగడానికి, చివరి నీళ్లకి.

ఈ రెండో సగానికి మాత్రమే మెత్తని నీళ్లు కావాలి. చక్రాల కింద బురద కొట్టే నీళ్లలో కాల్షియం ఉంటే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆ మాట మా బామ్మర్దికి చెబితే, "బావా, రెండు లైన్లు వేయాలంటే పైపుల ఖర్చు కదా" అన్నాడు. పైపు ఒక్కసారి కొంటాం, ఉప్పు వారం వారం కొంటాం అన్నాను. కాగితం మీద లెక్క రాసి చూపించాక ఒప్పుకున్నాడు.

ఆ లెక్క ఇది. ఆదివారం 38 బండ్లు, బండికి 85 లీటర్లు: 3,230 లీటర్లు. లీటరుకి 640 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్, అంటే 0.64 గ్రాము. మొత్తం 2,067 గ్రాములు ఒక్క రోజులో రెసిన్ పట్టుకోవాలి. నీళ్లన్నీ మెత్తబరిస్తే ఇది రెట్టింపు, 4,134.

రెసిన్ ఎంత పట్టుకుంటుంది? సాఫ్ట్‌నర్‌లో వాడే రకం లీటరు రెసిన్ మహా అయితే 100 గ్రాముల దాకా పట్టగలదు, కానీ అది కాగితం మీద లెక్క. ఆ శక్తినంతా తిరిగి రాబట్టాలంటే విపరీతంగా ఉప్పు పోయాలి. లీటరు రెసిన్‌కి 100 గ్రాముల ఉప్పు వేస్తే సుమారు 45 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. 160 గ్రాముల ఉప్పు వేస్తే 55 దాకా వెళ్తుంది. ఉప్పు అరవై శాతం పెంచితే పని ఇరవై శాతం పైన కొంచెం పెరిగింది. కాబట్టి చిన్న వెసెల్‌కి (రెసిన్ పోసే నిలువు ట్యాంకు) ఎక్కువ ఉప్పు తినిపించడం కన్నా, పెద్ద వెసెల్‌కి తక్కువ ఉప్పు వేయడమే మేలు.

వాళ్లు కళ్లు మూసుకుని తీసుకోమన్న 25 లీటర్ల ప్లాంటు: 25 × 45 = 1,125 గ్రాములు. 0.64తో భాగిస్తే 1,757 లీటర్లు. ఆదివారం 21వ బండి దగ్గర అయిపోతుంది, అంటే మధ్యాహ్నం భోజనానికి ముందే. ఆ తర్వాత కడిగిన ప్రతి బండికీ చుక్కలు పడతాయి, మేమేమో సాఫ్ట్‌నర్ పెట్టామని ధైర్యంగా ఉంటాం.

50 లీటర్లు: 2,250 గ్రాములు, 3,515 లీటర్లు. ఆదివారానికి బొటాబొటిగా సరిపోతుంది.

75 లీటర్లు: 3,375 గ్రాములు, 5,273 లీటర్లు. రెసిన్ 25 లీటర్ల బస్తాల్లో వస్తుంది, కాబట్టి మూడు బస్తాలు. ఒక్కో రీజెనరేషన్‌కి 7.5 కిలోల ఉప్పు. 50 లీటర్ల దానికి గట్టిగా ఉప్పు వేసి 2,750 గ్రాములు లాగాలంటే 8 కిలోలు కావాలి. అదీ చూశాక మూడు బస్తాలకే మొగ్గాను.

జనవరి 31, శనివారం

వెసెల్ ఎన్నిక. ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) వెసెల్స్‌కి పేర్లు అంకెల్లో ఉంటాయి: 1054 అంటే 10 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు. 1354, 1465 కూడా అలాగే. రెసిన్‌ని కింద నుంచి నీళ్లతో లేపి కడిగేటప్పుడు (బ్యాక్‌వాష్) అది పొంగడానికి సగం ఎత్తయినా ఖాళీ ఉండాలి. లేకపోతే గింజలు డ్రెయిన్‌లోకి పోతాయి. మరీ వెడల్పైన వెసెల్‌లో తక్కువ రెసిన్ వేసినా తప్పే, మట్టం పలచబడి నీళ్లు ఒక పక్క నుంచి దారి చేసుకుని జారిపోతాయి. 75 సెంటీమీటర్ల లోతైనా ఉండాలి.

1354లో 75 లీటర్లు కిక్కిరిసిపోతాయి. 1465లో అదే 75 లీటర్లకి లోతు దాదాపు 75 సెంటీమీటర్లు వస్తుంది, పైన బోలెడు ఖాళీ. రేపు అవసరమైతే నాలుగో బస్తా కూడా పోయొచ్చు. 1465 తీసుకున్నాం.

ప్రవాహం కూడా చూశాను. రెండు గన్నులు, నిమిషానికి 12 లీటర్ల చొప్పున గంటకి 1,440 లీటర్లు. 75 లీటర్ల రెసిన్‌కి అది గంటకి దాని ఘనపరిమాణానికి 19 రెట్లు. 8 నుంచి 40 రెట్ల మధ్య ఉంటే చాలంటారు. దిగులు లేదు. పైగా గన్నులకి నేరుగా కలపకుండా మధ్యలో 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, సాఫ్ట్‌నర్ దాన్ని నింపుతూ ఉండేలా వేస్తున్నాం.

వాల్వు ఆటోమేటిక్ కాదు, చేత్తో తిప్పే మల్టీపోర్టే. ఆటోమేటిక్ సుఖమే, కానీ మా వైపు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, దాని బోర్డు పాడైతే ఆగిపోయేది వ్యాపారం. రాత్రి షెడ్డులో ఎలాగూ ఇద్దరు పడుకుంటారు. మనిషి ఉన్నచోట చేతి వాల్వే నమ్మకం.

ఫిబ్రవరి 3, మంగళవారం

బిగించాం. ప్లంబర్ చిత్తూరు వైపు మనిషి, పని తెలిసినవాడు. అయినా ఒక గంట వృథా అయింది. వెసెల్ ఎత్తు 65 అంగుళాలు, పైన వాల్వు. మేం అనుకున్న మూల రేకు వాలి ఏడడుగులే ఉంది. నిలబెట్టొచ్చు, కానీ వాల్వు విప్పి రైజర్ పైపు పైకి లాగాలంటే చోటు చాలదు. అవతలి గోడ దగ్గరికి మార్చాం.

రెసిన్ పోసే పద్ధతి ఎవరైనా చేసుకుంటారేమోనని రాస్తున్నాను. ముందు మధ్యలో రైజర్ పైపు నిలబెట్టి, దాని పై మూతికి టేపు అంటించాలి. ఒక్క గింజ లోపల పడినా తర్వాత గన్ను నాజిల్‌లో తేలుతుంది. వెసెల్‌లో మూడో వంతు నీళ్లు పోసి, అడుగున గులకరాళ్లు మెల్లగా వదలాలి. తర్వాత రెసిన్. పైపుని కదపకూడదు. అంతా అయ్యాక టేపు తీయడం మర్చిపోకూడదు. మొదటి బ్యాక్‌వాష్‌లో నీళ్లు టీ రంగులో వస్తాయి, తేట పడేదాకా వదలాలి.

రాళ్ల ఉప్పు బస్తా దించుతుంటే మా కుర్రాడు అడిగాడు: "ఉప్పు నీళ్లకి మళ్లీ ఉప్పు వేసేదేంది అన్నా?"

మంచి ప్రశ్న. మన వైపు బోరు నీళ్లని ఉప్పు నీళ్లంటాం, నది నీళ్లని సప్ప నీళ్లంటాం. కానీ బోరు నీళ్లలో ఉన్నది ఎక్కువగా కూరలో వేసే ఉప్పు కాదు, సున్నం జాతి. రెసిన్ గింజలు సోడియంని పట్టుకుని కూర్చుంటాయి. కాల్షియం, మెగ్నీషియం వస్తే వాటిని ఎక్కువ ఇష్టపడి తీసుకుని, సోడియంని వదిలేస్తాయి. గింజలన్నీ కాల్షియంతో నిండిపోయాక, చిక్కటి ఉప్పు నీళ్లు పోస్తే సోడియం గుంపు ముందు కాల్షియం నిలవలేక బయటికి పోతుంది. ఉప్పు బండి మీదికి పోదు, గింజల్ని కడగడానికే. అన్నం గిన్నె చూపించి చెప్పాను, వాడికి అర్థమైంది. రీజెనరేషన్ బాధ్యత వాడికే ఇచ్చాను.

సాయంత్రం ట్యాంకు నీళ్లకి ఇండికేటర్ వేస్తే, ఒక్క చుక్క ద్రావణం వేయకుండానే నీలం. షెడ్డులో అందరం ఆ చిన్న సీసా చుట్టూ చేరాం.

ఫిబ్రవరి 6, శుక్రవారం

పొద్దున పరీక్షలో ఎరుపు.

గురువారం రాత్రి మొదటి రీజెనరేషన్ చేశారు. బ్యాక్‌వాష్ పది నిమిషాలు, బ్రైన్ (చిక్కటి ఉప్పు నీళ్లు) అరగంట, కడుగుడు. అన్నీ వాచీ చూసి చేశామని కుర్రాడు చెప్పాడు, వాడు అబద్ధం చెప్పడు. నేను వెళ్లి బ్రైన్ ట్యాంకు చూశాను. ఉప్పు నీళ్ల మట్టం వేసినచోటే ఉంది. అరగంట పాటు వాల్వు ఉప్పు నీళ్లని పీల్చనేలేదు.

కొత్త రెసిన్ సోడియం నింపే వస్తుంది. అందుకే మొదటి రెండు రోజులు అంతా బాగున్నట్టు కనిపించింది. అసలు పరీక్ష మొదటి రీజెనరేషనే. ఇది నేను ముందే ఆలోచించాల్సింది.

కారణం మధ్యాహ్నానికి దొరికింది. వాల్వు లోపలి ఎజెక్టర్ నీటి వేగంతో ఉప్పు నీళ్లని లాక్కుంటుంది. దానికి ఒత్తిడి కావాలి, చదరపు సెంటీమీటరుకి కనీసం కిలోన్నర, రెండు కిలోలుంటే నిశ్చింత. మేం సాఫ్ట్‌నర్‌కి నీళ్లిచ్చింది పై ట్యాంకు నుంచి. పది మీటర్ల ఎత్తుకి ఒక కిలో ఒత్తిడి. మా ట్యాంకు ఏడు మీటర్ల మీద ఉంది, అంటే 0.7. మామూలుగా నీళ్లు పారడానికి అది చాలింది, పీల్చడానికి చాలలేదు.

సంపు నుంచి ఒక హెచ్‌పీ పంపు వేసి దాని డెలివరీని సాండ్ ఫిల్టర్‌కి, అక్కడి నుంచి సాఫ్ట్‌నర్‌కి కలిపాం. గేజ్ 2.2 చూపించింది. రాత్రి తొమ్మిదికి నేనే దగ్గరుండి వాల్వు తిప్పాను. బ్రైన్ ట్యాంకులో మట్టం కళ్లముందే దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. పూర్తిగా కరిగిన ఉప్పు నీళ్లలో లీటరుకి 300 గ్రాముల పైన ఉప్పు ఉంటుంది. 7.5 కిలోలంటే 24 లీటర్లు. ట్యాంకు బయట రెండు గీతలు గీశాను, మొదలు, ముగింపు. పై గీత నుంచి కింది గీతకి దిగితేనే రీజెనరేషన్ అయినట్టు. వాచీని నమ్మొద్దని చెప్పాను.

ఫిబ్రవరి 7, శనివారం

పొద్దున నీలం.

ఫిబ్రవరి 15, ఆదివారం

అనుకోని సంగతి. మెత్తని నీళ్లు వచ్చాక బండికి నీళ్లు ఎక్కువ పడుతున్నాయి. మీటరు చూస్తే బండికి 85 బదులు 104.

కారణం షాంపూ. హార్డ్ వాటర్‌లో నురగ రాదని ఇన్నాళ్లూ ఫోమ్ బాటిల్‌లో ఎక్కువ పోయడం అలవాటైంది. ఇప్పుడు అదే కొలతకి నురగ మబ్బులా వస్తోంది, కడిగినా చేతికి జారుడుగా ఉంటోంది. సబ్బు ఇంకా పోలేదనుకుని కుర్రాళ్లు మళ్లీ మళ్లీ కొడుతున్నారు. ఆ జారుడు కొంత మెత్తని నీళ్ల స్వభావమే. షాంపూ సగానికి తగ్గించి, నురగ కనపడకపోతే గన్ను ఆపమని చెప్పాను. సాయంత్రానికి 88కి దిగింది. ఇరవై లీటర్ల షాంపూ క్యాను ఇదివరకు పన్నెండు రోజులు వచ్చేది. ఇప్పుడెన్ని రోజులొస్తుందో చూడాలి.

ఫిబ్రవరి 22, ఆదివారం

క్రెటా ఆయన వచ్చాడు. కడిగి కావాలనే ఎండలో పది నిమిషాలు వదిలాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను: చుక్కలు ఉన్నాయి. తక్కువ, పలచగా, కానీ ఉన్నాయి.

సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ని తగ్గించదు. మీటరు పెడితే ముందు 1180, తర్వాత కూడా దాదాపు అంతే, కాస్త ఎక్కువే. కాల్షియం స్థానంలో సోడియం వచ్చి కూర్చుంది, అంతే కదా. షాపుల్లో ఎవరూ ఈ మాట చెప్పరు. తేడా ఏంటంటే ఈ చుక్క రాయిలా అతుక్కోదు. తడి మైక్రోఫైబర్ గుడ్డ ఒక్కసారి తిప్పితే పోయింది. ఆయనకి అదే చేసి చూపించాను. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది నయం" అన్నాడు.

పూర్తిగా మచ్చ లేకుండా ఆరాలంటే చివరి నీళ్లు ఆర్‌ఓవి కావాలి. ముదురు రంగు బండ్లకి, చివర్లో పది లీటర్లు. మెత్తబడిన నీళ్లని ఆర్‌ఓకి ఇస్తే దాని పొరల మీద సున్నం పట్టదు, ఎక్కువ కాలం వస్తుంది. కాబట్టి వరుస ఇదే సరైనది, ముందు సాఫ్ట్‌నర్, ఆర్‌ఓ తర్వాత. కానీ ఆర్‌ఓ వదిలేసే నీళ్లను ఏం చేయాలో తేల్చుకోకుండా కొనను.

వదిలేసే నీళ్ల గురించే ఇంకోటి. ఒక్కో రీజెనరేషన్‌కి దాదాపు 600 లీటర్లు పోతున్నాయి. వారానికి నాలుగు సార్లు, 2,400. నీళ్లకి కటకటలాడే ఊళ్లో ఇది చూస్తూ ఊరుకోలేకపోయాను. బ్యాక్‌వాష్ నీళ్లలో ఉప్పుండదు, మట్టి మాత్రమే. వాటిని అండర్‌బాడీ ట్యాంకుకి మళ్లించాం. చివరి కడుగుడులో టీడీఎస్ బోరు నీళ్ల దగ్గరికి దిగాక వచ్చే నీళ్లు కూడా అక్కడికే. మధ్యలో వచ్చే ఉప్పు నీళ్లు మాత్రం వాడం. బండి కింద ఇనుముకి అది విషం. చెట్ల మొదట్లో, ఇంకుడు గుంతలో అసలే పోయకూడదు, పోస్తే మన బోరుకి మనమే ఉప్పు పెట్టినట్టు. అది యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) లైనులోకే. ఇలా వారానికి దాదాపు 1,200 లీటర్లు వెనక్కి వస్తున్నాయి.

మార్చి 1, ఆదివారం

బోరు సన్నబడింది. గురువారం నుంచి రోజూ ఒక ట్యాంకర్. మొదటి ట్యాంకర్ నీళ్లకి కిట్ పెడితే 41 చుక్కలు. 820.

640కి వేసిన లెక్క అక్కడే మారిపోయింది. 3,375 గ్రాముల్ని 0.82తో భాగిస్తే 4,115 లీటర్లు. 5,273 అనుకున్నది అంత తగ్గింది. 50 లీటర్ల రెసిన్‌తో సరిపెట్టుకుని ఉంటే 2,744 వచ్చేవి, ఆదివారం సాయంత్రం అయిపోయేవి. సంవత్సరంలో మంచి నెలలో కొలిచిన హార్డ్‌నెస్‌తో సాఫ్ట్‌నర్ కొనకూడదు. ఎండాకాలం ట్యాంకర్ నీళ్లతో కొలిచి, దానికి కొనాలి. నేను జనవరిలో కొలిచాను. మూడో బస్తా వల్ల బయటపడ్డాం.

గోడ మీద అట్ట మార్చాను. "మీటరు 4,000 దాటకముందే రీజెనరేషన్" అని పెద్దక్షరాలతో రాశాను. రోజులు: మంగళ, గురు, శని, ఆది రాత్రులు. మామూలు రోజు 18 బండ్లు, శనివారం 30, ఆ లెక్కకి సరిపోతుంది. శుక్ర, శనివారాలు కలిస్తే 4,080 వస్తుంది, కాబట్టి శనివారం సాయంత్రం ఐదింటికి ఒకసారి సీసా పరీక్ష తప్పనిసరి. వారానికి 30 కిలోల ఉప్పు, నెలకి 130. మాకు కిలో పది రూపాయలకి పడుతోంది. షాంపూ క్యాను పంతొమ్మిది రోజులొచ్చింది. బామ్మర్ది లెక్కల పుస్తకంలో ఈ రెండూ పక్కపక్కన రాసుకున్నాడు, ఇంకేమీ అడగలేదు.

ఉప్పు గురించి ఒక మాట. ప్యాకెట్లలో వచ్చే సన్న అయోడిన్ ఉప్పు వద్దు, గడ్డ కట్టుకుపోతుంది. రాళ్ల ఉప్పే. అయితే అందులో మట్టి ఉంటుంది, బ్రైన్ ట్యాంకు అడుగు నెలకోసారి కడగాలి.

మార్చి 8, ఆదివారం

37 బండ్లు. మీటరు 3,190. రాత్రి ఎనిమిదికి సీసా నీలం. రోజంతా చుక్కల గురించి ఒక్క ఫిర్యాదు లేదు.

రేకుల మీద పడే వాన నీళ్లని మెత్తని నీళ్ల ట్యాంకుకి కలపాలని ఉంది. 1,500 చదరపు అడుగుల కప్పు, ఈ ఊళ్లో ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైనే వాన. వాన నీళ్లలో హార్డ్‌నెస్ దాదాపు సున్నా. వానలు పడే లోపు గొట్టాలు, మొదటి మురికి నీళ్లు వదిలే వాల్వు, చిన్న ఫిల్టర్ పూర్తి చేయాలి. ప్లంబర్‌ని మంగళవారం రమ్మన్నాను.

ఈ వారం ట్యాంకర్ నీళ్లు 43 చుక్కలు. ఇంకా పెరిగి 50 దాటితే నాలుగో బస్తా పోస్తాం. వెసెల్‌లో దానికి చోటుంది.